ఉత్త నీళ్ళ సూది

నా ఎడమ జబ్బ మీద ఒక మచ్చ ఉంది. కందిగింజంత ఉంటుంది, నడిమిన కొంచెం గుంట పడి. చొక్కా విప్పినప్పుడు తప్ప నాకే గుర్తు రాదు. మా చెల్లెలికి ఆ మచ్చ లేదు. నేను చూసి చెబుతున్న మాట కాదిది, మా అమ్మ చెప్పింది. 1972 వానల్లో చెల్లెలు పోయింది. అప్పటికి దానికి నాలుగేళ్ళు నిండలేదు, నాకు ఐదు. రెండు వారాలు విడవని జ్వరం, తర్వాత వాంతులు, మెడ కట్టెలా బిగుసుకోవడం, చివరికి ఫిట్సు. మద్రాసులో ఒక ఆసుపత్రికి ఎత్తుకెళితే వెన్నులోంచి నీరు తీసి చూసి, క్షయ మెదడు పొరల్లోకి పాకిందన్నారు. నాకు గుర్తున్నది మా నాయన బస్సు దిగి ఒట్టి చేతులతో నడిచి రావడం ఒక్కటే.

మాది తిరువళ్ళూరు దగ్గర ఒక పల్లె. తిరుత్తణి ప్రాంతం 1960లో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారిందని మీలో చాలామందికి తెలుసు. మా ఊరు అంతకు ముందు నుంచే ఇవతలి పక్కన ఉంది. విజయనగర రాజుల నాడు వచ్చామని పెద్దలు చెప్పేవాళ్ళు, కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. సర్కారు పుస్తకాల్లోకి మా పేర్లు ఎక్కేటప్పుడు ఒక చిన్న తమాషా జరుగుతుంది. తమిళంలో గ అయినా క అయినా ఒకటే అక్షరం, ద అయినా త అయినా ఒకటే. మా చెల్లెలి పేరు గ తో మొదలవుతుంది. కాబట్టి 1970 ప్రాంతంలో మా ఊరికి వచ్చిన వాళ్ళు రాసుకున్న పుస్తకంలో ఆ పేరు ఎవరో వేరే పిల్లది లాగా ఉండి ఉంటుంది.

ఆ వచ్చిన వాళ్ళ గురించి చెప్పాలి. మా అమ్మకి వాళ్ళు బాగా గుర్తు. వ్యాను, ఎక్స్‌రే యంత్రం, ఇంటింటికీ నంబరు, రెండు చేతులకూ సూదులు. ‘క్షయ రాకుండా’ అని చెప్పారట. అది చాలు, అమ్మ ఇద్దరినీ తీసుకెళ్ళి వరసలో నిలబడింది. ఊరంతా నిలబడింది.

అది చెంగల్పట్టు బి.సి.జి. పరీక్ష. ఇప్పటికీ ప్రపంచంలో బి.సి.జి. గురించి ఎవరు మాట్లాడినా దాని పేరు చెప్పకుండా ముగించలేరు. భారత వైద్య పరిశోధనా మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య శాఖ కలిసి 1968లో తిరువళ్ళూరు చుట్టుపక్కల పల్లెల్లో మొదలుపెట్టాయి. 3,66,625 మంది పేర్లు రాసుకున్నారు. 2,81,161 మందికి సూది వేశారు. అయితే అందరికీ వేసింది ఒకటి కాదు. ఒక వంతుకి పూర్తి మోతాదు మందు, ఇంకో వంతుకి అందులో పదో పాలు, మిగిలిన వంతుకి మందు లేని ఉత్త ద్రవం. ఎవరికి ఏది పడిందో వేయించుకున్నవాడికీ తెలియదు, వేసినవాడికీ తెలియదు. సీసా మీది గుర్తుకు అర్థం తెలిసిన లెక్క ఎక్కడో బీరువాలో ఉంటుంది.

బి.సి.జి. చరిత్ర తెలిసినంత వరకు చెబుతాను. నేను చదివింది బి.కాం., సైన్సు కాదు. ఫ్రాన్సులో లీల్ నగరంలో కాల్మెట్, గెరిన్ అనే ఇద్దరు, పశువుల క్షయ క్రిమిని తీసుకుని, పైత్యరసం కలిపిన బంగాళాదుంప ముక్కల మీద 1908 నుంచి పదమూడేళ్ళు, మూడు వారాలకొకసారి కొత్త ముక్క మీదికి మారుస్తూ పెంచారు. రెండు వందల ముప్పై సార్లు. క్రిమి బతికే ఉంది గాని కాటు వేసే గుణం పోయింది. 1921లో పారిస్‌లో మొదటిసారి ఒక పసికందు నోట్లో వేశారు. ఆ బిడ్డ తల్లి క్షయతో పోయింది, పెంచవలసిన అమ్మమ్మకీ క్షయే. మన దేశంలో 1948లో మదనపల్లె ఆరోగ్యవరంలో మొదలైంది. అదే ఏడు మద్రాసులో గిండీ దగ్గర టీకా తయారుచేసే లేబొరేటరీ పెట్టారు. 1951 నుంచి ఊరూరా ప్రచారం. 1955లో రాజాజీ దీన్ని వ్యతిరేకిస్తూ ఏకంగా ఒక చిన్న పుస్తకమే అచ్చు వేయించారు. ఆరోగ్యంగా ఉన్న లక్షలాది పిల్లల్లోకి బతికున్న క్రిమిని ఎక్కించడమేమిటని ఆయన గోల. ఆయన వాదంలో సైన్సు ఎంత ఉందో గాని, ‘నాకు రుజువు చూపించండి’ అనడంలో తప్పు నాకు కనపడదు. రుజువు కోసమే కదా చివరికి మా ఊరికి వచ్చారు.

ఇక నా తప్పు. 1985 ప్రాంతంలో నేను మద్రాసులో కాలేజీ చదువుతూ సెలవులకి ఊరికి వచ్చాను. ఆ పరీక్ష తాలూకు వాళ్ళు అప్పటికీ ఊళ్ళోకి వచ్చి ఎవరికైనా దగ్గు ఉందా అని అడిగి పోతుండేవాళ్ళు. ఒకాయన మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ, నేను చదువుకున్నవాణ్ణని, మాటల్లో చెప్పాడు: ‘ముగ్గురిలో ఒకరికి వేసింది ఉత్తదే తంబీ, లేకపోతే మందు పనిచేసిందో లేదో ఎట్లా తెలుస్తుంది?’ నాకది గొప్ప విశేషంగా తోచింది. లోపలికి పోయి అమ్మకి చెప్పాను. పందొమ్మిదేళ్ళవాడికి తెలిసినదల్లా చెప్పెయ్యాలనే ఉంటుంది. ఆమె వింటూ చేతిలో బియ్యం చేట కింద పెట్టి అడిగింది:

‘అయితే బిడ్డకి వేసింది నీళ్ళ సూదేనా?’

నాకు అప్పటి దాకా చెల్లెలు గుర్తే రాలేదు. తెలియదమ్మా అన్నాను. మచ్చ రాలేదు కదరా అంది. ఆ తర్వాత నలభై ఏళ్ళలో ఆమె ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు, నోటితో కొన్నిసార్లు, నా జబ్బ వైపు చూసి ఎన్నోసార్లు.

ఆ ప్రశ్నని కొంచెం పెద్దది చేసి ఇక్కడ పెడుతున్నాను. రేపటి లక్షల పిల్లల కోసం ఈ రోజు కొందరు పిల్లలకి ఉత్త నీళ్ళు పొడవవచ్చునా?

పొడవవచ్చు అనేవాళ్ళ మాట ముందు వింటాను, ఎందుకంటే అది బలమైన మాట. ఆనాటికి బి.సి.జి. పనిచేస్తుందో లేదో ఎవరికీ నిశ్చయంగా తెలియదు. ఇంగ్లండులో బడిపిల్లల మీద 1950లో మొదలైన పరీక్షలో నాలుగింట మూడు పాళ్ళకు పైగా రక్షణ కనిపించింది. అమెరికాలో కొన్ని చోట్ల అసలేమీ కనిపించలేదు. తెలియని చోట ఒకడికి మందు ఇచ్చి ఇంకొకడికి ఇవ్వకపోవడం, ఉన్నదాన్ని దాచి ఒకడి నోరు కొట్టడం కాదు. మందు పడ్డవాడు లాభమే పొందాడని ఎవరన్నారు? అతడూ ఒక అపాయాన్ని నెత్తిన పెట్టుకున్నవాడే.

ఫలితం ఈ వాదాన్నే బలపరిచింది. 1979లో మొదటి నివేదిక వచ్చింది. ఊపిరితిత్తుల క్షయ మందు పడ్డవాళ్ళకి ఎంత వచ్చిందో, నీళ్ళు పడ్డవాళ్ళకీ అంతే వచ్చింది. పదిహేనేళ్ళ లెక్క 1999లో అచ్చయింది. పెద్దవాళ్ళలో రక్షణ సున్నా. చిన్నప్పుడు వేయించుకున్నవాళ్ళలో నూటికి 27 పాళ్ళు, అంతే. మన నేలలో, నీటిలో క్షయకు జ్ఞాతుల్లాంటి నిరపాయమైన క్రిములు ఎక్కువనీ, అవి ముందే ఒంటికి పరిచయమై పోవడంతో టీకాకు చేయడానికి పని మిగలలేదనీ ఒక వివరణ ఉంది. కారణం ఏదైనా, ఆ నీళ్ళ సూదులే లేకపోతే ప్రపంచం ఇంకా కొన్ని దశాబ్దాలు ఒట్టి నమ్మకంతో పెద్దవాళ్ళకి కూడా పొడుస్తూ, క్షయను కట్టేశామనుకుంటూ ఉండేది.

ఇదంతా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా రెండు చోట్ల నా మనసు ఆగిపోతుంది.

ఒకటి. ‘క్షయ రాకుండా’ అని చెప్పి వరసలో నిలబెట్టడం. మా అమ్మకి చెప్పిన మాట ఆమెకి గుర్తున్నంత వరకు అదే. ‘ఇందులో మందు ఉండవచ్చు, ఉండకపోవచ్చు’ అన్న సగం ఆమె చెవిన పడలేదు. చెప్పారేమో, తమిళంలో చెబితే ఆమెకి సగమే అర్థమైందేమో, లేక చెప్పనే లేదేమో. మనుషుల మీద పరీక్ష జరిపేటప్పుడు వాళ్ళ సమ్మతి ఉండాలని హెల్సింకి ప్రకటన 1964లోనే ఉంది. మన వైద్య పరిశోధనా మండలి తన నీతి నియమాలు మొదటిసారి ప్రకటించింది 1980లో. మధ్యలో ఉన్నది మా ఊరు. చెప్పి ఉంటే అమ్మ వరసలో నిలబడేది కాదా? నిలబడేదేమో కూడా. ఆమె చాలా ధైర్యస్థురాలు. కాని అప్పుడు ఆ నిలబడడం ఆమెది అయ్యేది. నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా సంతకాలు తీసుకుంటూ బతికినవాణ్ణి. చదవకుండా వేలిముద్ర వేసే రైతుకి ఏ కాగితం మీద వేస్తున్నాడో చెప్పకపోతే, అప్పు ఎంత మంచిదైనా, ఆ ముద్ర చూసినప్పుడల్లా నాకు కొంచెం సిగ్గు వేసేది.

రెండోది ఇంకా గట్టిది. ఆ పరీక్ష లెక్కపెట్టింది పెద్దవాళ్ళకొచ్చే ఊపిరితిత్తుల క్షయని, కఫంలో క్రిమి కనిపించే క్షయని. పసిపిల్లలకి మెదడు పొరల్లోకి పాకే క్షయకి ఆ పుస్తకంలో వేరే గడి లేదు. మా చెల్లెలు దగ్గలేదు, కఫం ఇవ్వలేదు. మృతుల వరసలో ఒక గీతగా మాత్రం చేరి ఉంటుంది. లెడ్జరులో గడి లేని పద్దు ఎక్కడికి పోతుందో మా వృత్తిలో వాళ్ళకి తెలుసు.

తమాషా ఏమిటంటే బి.సి.జి. బాగా పనిచేసేది సరిగ్గా ఆ గడి లేని చోటే. తర్వాతి కాలంలో అనేక దేశాల లెక్కలు కలిపి చూసినవాళ్ళు, పసితనంలో వేసిన బి.సి.జి. మెదడు పొరల క్షయనూ, ఒళ్ళంతా చిరుగింజల్లా పాకే మిలియరీ క్షయనూ నూటికి 70 నుంచి 80 పాళ్ళ వరకు ఆపుతుందని తేల్చారు. 2006లో వచ్చిన ఒక లెక్క ప్రకారం, 2002 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో వేసిన పది కోట్ల బి.సి.జి. సూదులు సుమారు 30 వేల మంది పిల్లలని మొదటిదాని నుంచీ, 11 వేల మందిని రెండోదాని నుంచీ కాపాడతాయి. అంటే దాదాపు 3,400 చేతులు పొడిస్తే ఒక బిడ్డ ఆ మెడ బిగుసుకోవడం నుంచి తప్పించుకుంటుంది.

ఈ అంకెలన్నీ నేను కూడబెట్టడానికి కారణం మా అల్లుడు. పోయిన ఏడు మా అమ్మాయికి చెన్నైలో ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తీసుకొచ్చే ముందే బి.సి.జి. వెయ్యాలన్నారు. అల్లుడు కంప్యూటరు మనిషి, ఏదైనా చదవకుండా ఒప్పుకోడు. ఫోనులో చూసి నన్ను పక్కకి పిలిచాడు.

‘మామయ్యా, ఇది పనిచెయ్యదని మీ తిరువళ్ళూరులోనే తేలిందంటగా. అప్పుడే పుట్టిన బిడ్డకి బతికున్న క్రిమి ఎందుకండీ?’

మా అమ్మాయి మంచం మీది నుంచి, ‘నాన్నా, నువ్వేమంటావు? అత్త సంగతి ఉంది కదా’ అంది. అది ఎన్నడూ చూడని మేనత్తని అత్త అనడం నాకు గొంతులో పడింది.

అల్లుడి ప్రశ్న మొదటి సగానికి జవాబు పైన చెప్పిందే. రెండో సగాన్ని కొట్టిపారెయ్యకూడదు. 1930లో జర్మనీలో ల్యూబెక్ ఊళ్ళో 250 మందికి పైగా పసికందులకి బి.సి.జి. నోట్లో వేస్తే 72 మంది చచ్చిపోయారు. విచారణలో తేలిందేమిటంటే, టీకా క్రిమి మళ్ళీ విషం పట్టలేదు. అక్కడి లేబొరేటరీలో టీకా క్రిమినీ, నిజమైన క్షయ క్రిమినీ ఒకే చోట పెంచారు. ఒకటి ఇంకొకదానిలో కలిసిపోయింది. ఇద్దరు వైద్యులకి జైలు పడింది. మా స్ట్రాంగ్‌రూముకి రెండు తాళంచెవులు ఉంటాయి. ఒకటి మేనేజరు దగ్గర, రెండోది కాషియరు దగ్గర. మేనేజరు దొంగ అని కాదు. మంచివాడు కూడా ఒక రోజు పరధ్యానంగా ఉండవచ్చునని. ఆ రెండో తాళంచెవి ల్యూబెక్‌లో లేదు.

ఇప్పుడు ఉన్నాయా అని అల్లుడితో కలిసి అడిగాను. డ్యూటీలో ఉన్న నర్సమ్మ ఓపిక గలది, అన్నీ చెప్పింది. మందు పొడిగా వస్తుంది. దానితో వచ్చిన ద్రవంతోనే కలపాలి, ఇంకేదీ పనికిరాదు. కలిపాక నాలుగు గంటలు, అంతే. మిగిలినది ఎంత ఉన్నా పారబొయ్యాలి. ఎండ తగలకూడదు. నెల లోపు బిడ్డకి 0.05 మిల్లీలీటరు, ఆ పైన 0.1. సూది చర్మం పొరలోనే నిలవాలి, లోతుకి దిగకూడదు. తల్లికి హెచ్.ఐ.వి. ఉందా, ఇంట్లో ఇంతకుముందు పిల్లలెవరైనా రోగనిరోధక శక్తి పుట్టుకతో లేక పోయారా అని ఆమె ముందే అడిగింది. అలాంటి బిడ్డలో ఈ నీరసపు క్రిమి కూడా ఒళ్ళంతా పాకగలదు. పది లక్షల్లో ఏ కొద్దిమందికో జరిగేది. కాని ఆ ప్రశ్న అడగని చోట నేను బిడ్డని ఇవ్వను.

లోతుకి దిగితే ఏమవుతుందో మా బంధువుల ఇంట్లో చూశాను. ఎక్కడ వేయించారో అనవసరం. చంకలో నిమ్మకాయంత గడ్డ కట్టింది. కోయించమని ఒకరు, చింతపండు పట్టు వేయమని ఒకరు. పిల్లల డాక్టరు ఏమీ చెయ్యొద్దు, ఊరికే చూస్తూ ఉండండి అన్నాడు. నాలుగు నెలలకి కరిగింది. ఆ నాలుగు నెలలు ఆ తల్లి నిద్రపోలేదు. ఈ బాధ ఏ నివేదికలోనూ పెద్ద అక్షరాలతో ఉండదు. చిన్న బాధే. ఒకరి బిడ్డకి అయితే చిన్నది, మనకైతే కాదు.

పారబోసే మందు సంగతి నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. ఒక సీసాలో పది మందికో ఇరవై మందికో సరిపడా ఉంటుంది. ఆ రోజు ఆ వార్డులో బిడ్డలు ఇద్దరే. ఇద్దరి కోసం సీసా విప్పి మిగతాది పారబోశారు. ఆడిట్ బుర్రకి అది వృథా ఖర్చు. పదిమంది పోగయ్యే దాకా ఆగితే? ఆగితే ఆ ఇద్దరూ ఇంటికి పోతారు, మళ్ళీ వస్తారో రారో. నర్సమ్మకి ఈ చర్చ అవసరం లేకపోయింది. విప్పేసింది.

కోరింత దగ్గు టీకా లాంటిదైతే ఇంకో వాదం చేసి అల్లుణ్ణి ఒప్పించవచ్చు: నీ బిడ్డకి వేయిస్తే పక్కింటి బిడ్డకీ రక్షణ అని. బి.సి.జి.కి ఆ వాదం చెల్లదు. పసిపిల్లల క్షయ సాధారణంగా ఇతరులకి అంటదు. ఈ సూది ఎవరి బిడ్డకి వాళ్ళదే. ఇక్కడ మనం ఎవరి కోసమూ త్యాగం చెయ్యడం లేదు. కాని మన కోసం ఎవరో చేశారు, చేస్తున్నామని తెలియకుండానే చేశారు. ఈ మందు ఏం చేస్తుందో, ఏం చెయ్యదో మా అల్లుడు ఫోనులో రెండు నిమిషాల్లో చదవగలిగాడంటే, ఆ రెండు నిమిషాల వెనక 1970లో వరసలో నిలబడ్డ మా ఊరి ఆడవాళ్ళు ఉన్నారు. ఇది చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వెళ్ళి సంతకం పెట్టాడు.

నా మొదటి ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు. పొడవవచ్చు అని బుర్ర అంటుంది. అడిగి పొడవాలి అని మళ్ళీ అదే అంటుంది. అడిగినా, ‘సరే’ అనగలిగేది తల్లి, పడేది బిడ్డకి. ఆ సందు పూడ్చే నియమం నాకు ఇంకా కనపడలేదు.

అమ్మకి ఎనభై రెండు. మునిమనుమరాలిని చూడటానికి ఊరి నుంచి వచ్చింది. ఒక సాయంత్రం ధైర్యం చేసి, నలభై ఏళ్ళ కిందటి నా తప్పు దిద్దుకుందామని చెప్పాను: ‘అమ్మా, మందు పడ్డ పిల్లల్లో కూడా కొందరికి మచ్చ రాదంట. చెల్లెలికి పడింది మందే కావచ్చు.’

ఆమె నా వైపు చూసి, ‘అయితే మందు పడి కూడా పోయిందంటావా?’ అంది.

నా దగ్గర ఏ మాటా లేదు. నూటికి 70, 80 అంటే మిగతా 20, 30 ఒకటుంది కదా, అది ఎవరి ఇంట్లోనో ఉంటుంది కదా. అమ్మ మాత్రం కోపగించుకోలేదు. ‘పోనీలేరా, ఏదో ఒకటి వేశారు, మనమేం ఊరికే కూర్చోలేదు’ అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఐదో వారంలో పాప జబ్బ మీద ఎర్రగా చిన్న పొక్కు లేచింది. ఆరో వారంలో చిట్లి కొంచెం చీము కారింది. అలాగే అవుతుందనీ, దాని మీద ఏమీ రాయకూడదనీ, కట్టు కట్టకూడదనీ నర్సమ్మ ముందే చెప్పింది. అమ్మ అలవాటు కొద్దీ పసుపు గిన్నె తెచ్చింది. మా అమ్మాయి, ‘వద్దు అవ్వా, దాని పాటికి దాన్ని వదిలెయ్యాలంట’ అంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ పొక్కుని చాలాసేపు చూసింది.

‘ఇది మందే’ అంది. గిన్నె తీసుకెళ్ళి మళ్ళీ వంటింటి అలమరలో పెట్టేసింది.